పతకాన్ని తోమొద్దు, పేరును పోగొట్టొద్దు

దానధర్మాలు చేసినవాళ్లకీ, అడవుల్నీ పక్షుల్నీ జంతువుల్నీ కాపాడినవాళ్లకీ ఇచ్చే కంచు పతకాల సేకరణ గురించి కిందటి నెల ఈ శీర్షికలో కొంత రాశాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాను. గరివిడి ఫెర్రో అల్లాయిస్ ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి కనక లోహం సంగతి కాస్త విస్తారంగా చెబుతాను. ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మా అత్తగారి ట్రంకుపెట్టెలో కోలగా ఉన్న కంచు పతకం ఒకటి దొరికింది. దాంతో ముదురు నీలం రిబ్బను ముక్క ఉంది. ఒకవైపు పెనవేసుకున్న ఇంగ్లీషు అక్షరాలు, రెండోవైపు ‘కైజర్-ఇ-హింద్’ అని ఉన్నాయి. అత్తగారి తాతగారు కరువు రోజుల్లో గంజి కేంద్రం నడిపారట. దసరాకి ఇత్తడి సామాన్లతో పాటు దీన్నీ చింతపండు పెట్టి తోమించేద్దాం అంటున్నారు అత్తగారు. మీరేమంటారు?
బొబ్బిలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ చింతపండు పక్కన పెట్టించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ దగ్గరున్నది ప్రజాసేవకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన పతకం. 1900లో విక్టోరియా రాణి కాలంలో మొదలై 1947తో ఆగిపోయింది. బంగారం, వెండి, కంచు అని మూడు తరగతులు. కరువులో అన్నం పెట్టినవాళ్లు, ఆసుపత్రులు నడిపినవాళ్లు, ప్లేగులో సేవ చేసినవాళ్లు ఎక్కువగా అందుకున్నారు. గాంధీగారికి 1915లో బంగారుది ఇచ్చారు, సహాయ నిరాకరణ మొదలైన 1920లో ఆయన దాన్ని తిప్పి పంపేశారు. పెనవేసుకున్న అక్షరాలను భూతద్దంతో చూడండి. ‘వి’ ఉంటే విక్టోరియా, ‘ఇ’ ఉంటే ఎడ్వర్డు, ‘జి’ ఉంటే జార్జి. అత్తగారి తాతగారిది ఏ కాలమో దాన్ని బట్టి తేలుతుంది.

ఈ పతకాల మీద గ్రహీత పేరు చెక్కకపోవడం మామూలే. అందుకే పతకం కన్నా ముందు ఆ ట్రంకుపెట్టె అడుగు వెతకండి. ప్రభుత్వం ఇచ్చిన సనదు కాగితం, కలెక్టరు ఉత్తరం, రిబ్బను పెట్టుకుని దిగిన ఫొటో, ఏది దొరికినా సరే. అది లేకపోతే ఎవరి చేతికైనా రాగల పతకమే. అది ఉంటే మాత్రం ఫలానా ఊళ్లో ఫలానా కరువులో గంజి పోసిన మనిషిది. అత్తగారిని కూర్చోబెట్టి ఆవిడకు గుర్తున్నదంతా, గంజి ఎక్కడ కాచేవారో, ఎవరు వండేవారో, ఇప్పుడే రాయించండి. తేదీ వేసి ఆవిడ చేత సంతకం పెట్టించండి.

ఇక చింతపండు ఎందుకు వద్దన్నానో చెబుతాను. పతకం మీద కనిపించే గోధుమరంగు మురికి కాదు. కొంత టంకశాలలోనే వేడితో, మందులతో పట్టించిన రంగు, మిగతాది ఏళ్ల తరబడి గాలి తగిలి ఏర్పడిన పొర. లోహానికి అదే కాపుదల. చింతపండులోని పులుపు ఆ పొరను నిమిషాల్లో కరిగించేస్తుంది. మనవాళ్లు చింతపండుతో ఉప్పు కూడా కలుపుతారు కదా, ఆ ఉప్పు అక్షరాల సందుల్లో ఉండిపోయి తర్వాత లోహాన్ని తినేస్తుంది. బిందెను తోమితే మళ్లీ వాడకంలో పడి బాగానే ఉంటుంది. పతకం మీద ముఖంలోని గీతలు, అక్షరాల పదును ఒకసారి అరిగితే తిరిగి రావు. పితాంబరి, బ్రాసో, నిమ్మకాయ, విభూతి అన్నీ అంతే. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవండి, చాలు. వేళ్ల చెమట కూడా మచ్చ పెడుతుంది, అంచులు పట్టుకుని ఎత్తండి.

ప్రశ్న: మాది నౌపడ. నా దగ్గరున్న పతకాల్లో రెండింటి మీద ప్రతి వానాకాలం లేత ఆకుపచ్చ పొడి వస్తోంది. తుడిస్తే పోతుంది, మళ్లీ వస్తుంది. అడుగున చిన్న గుంటలు పడ్డాయి. పక్కవాటికి అంటుకుంటుందా?

జవాబు: ఉప్పు మడుల ఊళ్లో ఉండి కంచు దాచుకోవడం కష్టమైన పనే బాబూ. మీ పతకాలకు పట్టినదాన్ని సేకర్తలు కంచు జబ్బు అంటారు. ఉప్పులోని క్లోరైడు రాగితో కలిసి లోపల ఒక లవణంగా ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం కదలదు. గాలిలో తేమ పెరగగానే ఆ లవణం నీటితో, గాలితో కలిసి ఆకుపచ్చ పొడిగా మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం ఇంకొంచెం రాగిని తింటుంది, మళ్లీ అదే లవణం తయారవుతుంది. పైపొడి తుడిస్తే ఆగకపోవడానికి కారణం ఇదే.

ఏ పచ్చదనమైనా జబ్బే అనుకోకండి. వెదురు పుల్లను సన్నగా చెక్కి మెల్లగా గీకి చూడండి. ముదురు పచ్చగా, నున్నగా, గట్టిగా ఉండి కదలకపోతే దాని జోలికి వెళ్లొద్దు. లేత రంగులో పిండిలా రాలితే జబ్బు. మీ రెండింటినీ ఈ రోజే మిగతావాటి నుంచి వేరు చేయండి. జ్వరంలా గాలిలో ఎగిరి పక్కవాటికి అంటుకోదు కానీ ఆ పొడి వాటి మీద రాలితే క్లోరైడు అక్కడికీ చేరుతుంది.

భూతద్దం కింద పొడినంతా వెదురు పుల్లతో తీసేయండి. తర్వాత డిస్టిల్డ్ వాటరులో నానబెట్టండి. మెకానిక్ షాపుల్లో బ్యాటరీలకు పోసే నీళ్లు దొరుకుతాయి కదా, అవి చాలు. సీసా మీద ఆమ్లం కలపలేదని చూసి కొనండి. పంపు నీళ్లు వాడకండి, వాటిలోనూ క్లోరిన్ ఉంటుంది. రోజూ నీళ్లు మారుస్తూ రెండు మూడు వారాలు ఉంచాలి. తీశాక హెయిర్ డ్రయ్యరుతో గుంటల్లోని తడి కూడా ఆరేలా చూడండి. బాగా ఆరాక, బ్రిటిష్ మ్యూజియం ల్యాబులో రూపొందిన రినైజాన్స్ వ్యాక్స్ పలచగా రాసి మెత్తటి గుడ్డతో రుద్దండి. ఖరీదు ఎక్కువే కానీ చిన్న డబ్బా ఏళ్లకు ఏళ్లు వస్తుంది. ఆ తర్వాత గాలి చొరబడని స్టీలు డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. డబ్బా లోపల తేమ 40 శాతం దాటకూడదు. తేమ చూపే చిన్న మీటరు కొని డబ్బాలోనే ఉంచండి. జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టుకోవాలి.

ఇంకో మాట. బజార్లో దొరికే మెత్తటి పీవీసీ ఆల్బముల్లో పెట్టుంటే వెంటనే తీసేయండి. ఆ ప్లాస్టిక్కు పాతబడేకొద్దీ జిగటగా మారి అదే ఆమ్లాన్ని వదులుతుంది. నా దగ్గరికి బాగుచేయమని వచ్చే పతకాల్లో సగానికి పైగా ఆల్బముల్లో పాడైనవే. పాలియెస్టర్ తొడుగులు అడిగి కొనండి.

ప్రశ్న: సరవకోట దగ్గర మా ఊరు. విదేశీ పతకం ఒకటి కొని బుడితిలో కంచు పనిచేసే మా బాబాయికి చూపించాను. కొట్టి చూసి, మోగడం లేదు, ఇది కంచు కాదు పొమ్మన్నారు. మోసపోయానా?

జవాబు: మీ బాబాయిగారు చెప్పింది ఆయన చేసే పనికి సంబంధించి అక్షరాలా నిజం. బుడితి పనివాళ్ల కంచులో తగరం పాళ్లు ఎక్కువ. గంటల కంచులో ఇంచుమించు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉంటాయి. ఆ తగరం వల్లే కొడితే ఖంగుమంటుంది, దెబ్బ గట్టిగా తగిలితే పగులుతుంది కూడా. అలాంటి కంచును చల్లగా ఉన్నప్పుడు అచ్చు కింద పెట్టి నొక్కలేం. పతకం కొట్టాలంటే లోహం అచ్చులోని సన్నటి గీతలోకి కూడా పాకాలి. అందుకని పతకాల కంచులో రాగి 90 శాతం, ఆపైనే ఉంటుంది. తగరం కొద్దిగానే. అమెరికా టంకశాల కంచు పతకాల్లోనైతే తగరమే లేదు, 90 పాళ్లు రాగి, 10 పాళ్లు జింకు. మన కాణీల్లో కూడా 1906 నుంచి వచ్చిన కంచు ఈ మెత్తటి కోవదే. మోగనంత మాత్రాన దొంగ సరుకు కాదు.

అనుమానం తీరాలంటే నీళ్లలో తూచండి. పాయింట్ల వరకు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కావాలి. పతకం బరువు చూసుకోండి, 140 గ్రాములు అనుకుందాం. ఇప్పుడు త్రాసు మీద డిస్టిల్డ్ వాటరు గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చుకోండి. పతకాన్ని సన్నదారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా వేలాడదీయండి. త్రాసు ఎంత చూపిస్తే, పతకం బరువును అంతతో భాగించాలి. 16 గ్రాములు చూపిస్తే 140ని 16తో భాగించండి, 8.75 వస్తుంది. 8.7, 8.9 మధ్య వస్తే రాగి ఎక్కువున్న లోహం. 8.4, 8.5 దగ్గరైతే ఇత్తడి. 7 దగ్గరకు దిగితే జింకు మీద రంగు పూసి అమ్మారన్నమాట. దారానికి గాలి బుడగలు పట్టకుండా చూడండి, లెక్క తప్పుతుంది. అయ్యాక వెంటనే తడి ఆర్చండి.

లోహం సరిపోయినా అచ్చు కొట్టినదా, దాన్ని చూసి పోత పోసినదా అన్నది మిగిలే ఉంటుంది. పోత పోస్తే లోహం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది, అసలుదాని కన్నా అడ్డం కొలత కాస్త తగ్గుతుంది. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. పోత సరుకులో అక్షరాల మొదళ్లు గుండ్రంగా, బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ చోట సూది మొన గుంటలు, అంచు చుట్టూ ఆకురాయి గీతలు కనబడతాయి. మీ బాబాయిగారి కన్ను ఇక్కడ పనికొస్తుంది. పోత పనిలో ఆయనకు తెలియని లోపం ఉండదు, అంచు మాత్రం ఆయన చేతనే చూపించండి.

ప్రశ్న: టాటాలకూ, అజీం ప్రేమ్‌జీకీ వచ్చిన కార్నెగీ దాతృత్వ పతకం ఎక్కడైనా కొనుక్కోవచ్చా? — రాజాం

జవాబు: కుదరదు. 2001 నుంచి ఇస్తున్న ఆ గౌరవం టాటా కుటుంబానికి 2007లో, ప్రేమ్‌జీగారికి 2017లో దక్కింది. పేరుకు పతకమే కానీ అందుకునేది అమెరికా ఉక్కు వ్యాపారి, దాత ఆండ్రూ కార్నెగీ కంచు ప్రతిమ. బజారుకు రాదు.

ఆయన పేరున ఉన్న మరో పతకం మాత్రం వేలాల్లో కనబడుతుంది. 1904 జనవరిలో పెన్సిల్వేనియాలో హార్విక్ బొగ్గు గని పేలి 179 మంది పోయారు. వాళ్లను కాపాడదామని దిగిన ఇద్దరు కూడా ప్రాణాలు వదిలారు. ఆ ఇద్దరి త్యాగం చూసి కార్నెగీ అదే ఏడు ఒక నిధి పెట్టాడు. ఇతరుల కోసం ప్రాణానికి తెగించినవాళ్లకు పతకం, వాళ్ల కుటుంబాలకు డబ్బు సాయం. మొదట్లో బంగారం, వెండి కూడా ఇచ్చేవారు, 1981 నుంచి కంచు ఒక్కటే. పతకం మీద గ్రహీత పేరు, ఎవరిని ఎక్కడ ఎప్పుడు కాపాడారో ఉంటాయి. నా మట్టుకు నాకు ఏ రాజుల బంగారు పతకం కన్నా ఇదే ఎక్కువ.

ప్రశ్న: పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. అడవులు, పక్షుల సంరక్షణకు సంబంధించిన పతకాలు పోగేయాలని ఉంది. నెలకు కొద్ది డబ్బే పెట్టగలను. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు: డబ్బు తక్కువని వెనకాడకు బాబూ. కంచు సేకరణలో ఉన్న సుఖం అదే. బంగారు, వెండి పతకాలను లోహం ధర పెరిగినప్పుడల్లా కరిగించేస్తుంటారు, కంచువి బతికిపోతాయి.

మొదటి పతకంగా లారెన్స్ రాక్‌ఫెల్లర్‌ది చూడు. సొంత డబ్బుతో భూములు కొని జాతీయ పార్కులకు ఇచ్చేసిన మనిషి. ప్రకృతి సంరక్షణకు చేసిన సేవకుగాను 1990లో అమెరికా కాంగ్రెస్ బంగారు పతకం మంజూరు చేసింది. అలాంటి పతకాలకు కంచు నకళ్లు కొట్టి జనానికి అమ్మడం అక్కడి టంకశాల అలవాటు. మదర్ థెరిసాకు 1997లో ఇచ్చినదానికి కూడా ఇలాగే కంచు ప్రతులున్నాయి. ఒకటిన్నర అంగుళాలది, మూడు అంగుళాలది అని రెండు సైజులు వస్తాయి. చిన్నది కొను, సరిపోతుంది. ఇవి అందుకున్నవాళ్ల చేతికి వెళ్లినవి కావు, నకళ్లు. అమ్మేవాడు అసలుదని చెప్పి ధర పెంచితే లేచి వచ్చేయ్.

తర్వాత ఫ్రెంచి పతకాల మీద దృష్టి పెట్టు. పారిస్‌లో జంతు రక్షణ సంఘం 1845లో పుట్టింది. గుర్రాన్ని కొట్టకుండా బండి తోలినవాళ్లకు, పశువుల్ని ప్రేమగా చూసిన పాలేర్లకు కూడా పతకాలిచ్చేది. నా దగ్గర ఒకటుంది. వెనకవైపు ఆకుల దండ మధ్య ఖాళీలో ఒక బండివాడి పేరు చేత్తో చెక్కారు. చివరి రెండక్షరాలకు చోటు చాలక సన్నగా ఇరికించారు. అంచును టార్చిలైటు కింద మెల్లగా తిప్పితే ఒకచోట నువ్వుగింజంత తేనెటీగ గుర్తు, దాని పక్కన లోహం పేరు కనిపిస్తాయి. ఆ తేనెటీగ పారిస్ టంకశాలది. 1845 నుంచి 1860 దాకా చూపుడువేలున్న చెయ్యి గుర్తు, 1860 నుంచి 1879 దాకా తేనెటీగ, 1880 నుంచి కొమ్ములోంచి పళ్లు పొంగిపొర్లే గుర్తు వేశారు. పతకం మీద 1850 అని ఉండి అంచున కొమ్ము గుర్తుంటే, పాత అచ్చుతో తర్వాతెప్పుడో మళ్లీ కొట్టినదన్నమాట. అమ్మేవాళ్లలో చాలామంది అంచు ఫొటో పెట్టరు. అడిగి తెప్పించుకో, పంపకపోతే కొనకు.

అమెరికాలో పక్షుల్ని కాపాడే ఆడుబాన్ సొసైటీ పతకం లాంటివి దొరకడం అరుదు. 1947 నుంచి కొద్దిమందికే ఇచ్చారు. పురుగుమందులతో పక్షులు చచ్చిపోతున్నాయని లోకానికి చెప్పిన రేచల్ కార్సన్ 1963లో అందుకున్నారు, ఆ పతకం దక్కిన మొదటి మహిళ ఆవిడే. అలాంటివాటి గురించి చదువు, తెలుసుకో, వెంటపడకు.

ప్రశ్న: మా నాన్నగారు పోయాక ఆయన పతకాలు అన్నదమ్ములం పంచుకోవాలనుకుంటున్నాం. నూరేళ్లు దాటినవి కొన్ని విదేశంలోని వ్యాపారి కొంటానంటున్నాడు. పార్శిల్ చేసేయమంటారా? — విజయనగరం

జవాబు: వద్దు. నూరేళ్లు నిండిన చారిత్రక వస్తువును దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధిస్తోంది. ఇక్కడ మరొకరికి అమ్ముకోవాలన్నా ముందు పురావస్తు శాఖ వాళ్లను అడిగి అడుగేయండి.

పంపకం గురించి కూడా అడిగారు కాబట్టి ఒక సంగతి చెబుతాను. గంటస్తంభం దగ్గర పాత సామాన్ల కొట్టు ఒకదానిలో, తూకానికి కొన్న ఇత్తడి కుప్పలో పతకాలు చూశాను. డబ్బాలు లేవు, కాగితాలు లేవు. ఒకదాని వెనక పేరు చెక్కిన చోట ఎవరో ఆకురాయితో గీసేశారు, అమ్మినవాళ్ల పరువు పోకూడదని కాబోలు. ఆ మనిషి ఎవరో, ఏం చేశాడో ఇక ఎవ్వరికీ తెలియదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మన విజయనగరం మహారాజావారు 1860లలో లండన్ హైడ్ పార్కు దగ్గర దాహం తీర్చే నీళ్ల ఫౌంటెన్ కట్టించారు. అంత పెద్ద రాతి కట్టడాన్నే 1960లలో తీసేశారు. అరచేతిలో పట్టే పతకం పోవడానికి ఎంతసేపు? పంచుకోండి, తప్పులేదు. పంచుకునే ముందు అన్నీ ఒక బల్ల మీద పరిచి రెండువైపులా, అంచులూ ఫొటోలు తీయండి. ఏ కాగితం దేనిదో పెన్సిలుతో నంబర్లు వేయండి. ఆ జాబితా ప్రతి అన్నదమ్ముడి దగ్గరా ఒక్కొక్కటి ఉండాలి. డబ్బా ఒకరికి, పతకం ఇంకొకరికి ఇవ్వకండి.

ప్రశ్న: ఇచ్ఛాపురం ప్రాంతంలో టీచరుగా పనిచేస్తున్నాను. తేలుకుంచి కొంగల్ని ఊరివాళ్లు ఎలా కాపాడుకుంటున్నారో మీకు తెలుసు. మా విద్యార్థుల్లో గూళ్ల నుంచి పడిన పిల్లల్ని కాపాడేవాళ్లున్నారు. బడి తరపున వాళ్లకో కంచు పతకం ఇవ్వాలని ఉంది. ఎలా చేయించాలి?

జవాబు: మాస్టారూ, ఈ కట్టలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన ఉత్తరం మీది. తొలకరికి ఓపెన్‌బిల్ కొంగలు దిగితే వానలొచ్చాయని మురిసిపోయే ఊరది. తేలినీలాపురంలో పెలికాన్‌లకూ అదే ఆదరణ. ఆ పని చేస్తున్నది ఊళ్లే, పతకాలు అక్కడికే వెళ్లాలి.

వందల్లో కావాలంటే ఉక్కు అచ్చు చెక్కించి కొట్టించాలి, ఖర్చు అచ్చుకే ఎక్కువ. మీకు ఏడాదికి రెండో మూడో చాలు కనక పోత పోయించండి. బుడితి వెళ్లి పనివాళ్లతో మాట్లాడండి. ముందు మైనంతోనో మెత్తటి చెక్కతోనో నమూనా చేయించండి. కొంగ బొమ్మ మీ డ్రాయింగు మాస్టారు వేస్తే మేలు. ముక్కు రెండు దవడల మధ్య సందు స్పష్టంగా కనబడాలి, ఆ పక్షికి గుర్తు అదే. అక్షరాలు తెలుగులోనే పెట్టించండి. ఒత్తులూ గుడులూ పోతలో పూడిపోకుండా అక్షరం ఎత్తు కనీసం 4 మిల్లీమీటర్లు ఉండేలా చెప్పండి. అడ్డం రెండున్నర అంగుళాలు చాలు, పిల్లవాడి చేతికి బరువుగా తగులుతుంది.

వెనకవైపు మొత్తం ఖాళీగా ఉంచండి. పిల్లవాడి పూర్తి పేరు, ఊరు, ఏడు, చేసిన పని ఒక్క వాక్యంలో చెక్కించండి. ‘ప్రతిభకు’ అని మాత్రం రాయించకండి, ఏం ప్రతిభో ఇరవై ఏళ్ల తర్వాత ఎవరికీ తెలియదు. ‘గాలివానలో గూడు జారిన రెండు కొంగపిల్లల్ని కాపాడినందుకు’ అని ఉంటే తెలుస్తుంది. నికెల్ పూత, బంగారు రంగు పూత వద్దనండి. ప్రతి ఏడూ ఒకటి అదనంగా పోయించి బడి బీరువాలో ఉంచండి, పక్కన గట్టి అట్ట రిజిస్టరు పెట్టి ఎవరికి ఎందుకిచ్చారో రాస్తూ రండి. మొదటి నమూనా తయారయ్యాక నాకు పంపితే అంచూ అక్షరాలూ చూసి చెబుతాను.